ర్యామ్ సరే, స్క్రీన్ సంగతేంటి?

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి ల్యాప్‌టాప్ అడిగినా, ఆన్‌లైన్ సేల్‌లో వెతికినా ముందు వినపడేది ఒకటే, ఐ5 ప్రాసెసర్ అండి, 16 జీబీ ర్యామ్ అండి, 512 ఎస్ఎస్‌డీ అండి అని. ఫైళ్లు దాచుకునే ఎస్ఎస్‌డీ చాలావాటిలో తర్వాతైనా మార్చుకోవచ్చు, ర్యామ్ కూడా కొన్నిట్లో పెంచుకోవచ్చు, కానీ రోజంతా కళ్ల ముందుండే స్క్రీన్, వేళ్ల కిందుండే కీబోర్డ్, టచ్‌ప్యాడ్ మాత్రం ఎలా వస్తే అలా భరించాల్సిందే.

కంపెనీలు పొదుపు చేసేది కూడా అక్కడే. ఫుల్ హెచ్‌డీ, యాంటీ గ్లేర్ అని పెద్దక్షరాల్లో వేసి ఎక్కడో అడుగున 250 నిట్స్ (వెలుగు కొలత), 45% ఎన్‌టీఎస్‌సీ (స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో చెప్పే లెక్క) అని పెడతారు, ఆ 45 అంటే ఎస్ఆర్‌జీబీ అనే ఇంకో రంగుల లెక్కలో అరవై చిల్లర శాతమే, అందుకే ఫొటోలో ఎర్రటి పట్టుచీర వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. కనీసం 300 నిట్స్, ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారని ప్యానెల్), 100%కి దగ్గర్లో ఎస్ఆర్‌జీబీ ఉంటేనే తీసుకోండి అంటాను నేను. ఇంకా 15.6 అంగుళాల్లో 1366x768 పిక్సెల్స్ స్క్రీన్ అమ్ముతుంటే అటు చూడొద్దు, అంగుళానికి 100 పిక్సెల్సే వస్తాయి కాబట్టి చిన్న సైజు తెలుగులో గుడి ఏదో గుడిదీర్ఘం ఏదో తేడా తెలీదు, ఒత్తులు అలుక్కుపోతాయి. 14 అంగుళాల 1920x1200లో అదే అంగుళానికి 160 దాటుతుంది. ఓఎల్ఈడీ (ప్రతి పిక్సెల్ తనంతట తనే వెలిగే స్క్రీన్) రంగులు సూపరే గానీ బ్రైట్‌నెస్ తగ్గిస్తే చాలా ప్యానెల్స్ ఫ్లికర్ అవుతాయి, అంటే వేగంగా మిణుకుమంటాయి, కొంతమందికి తలనొప్పి.

డబ్బులెక్కువ పెడితే కీబోర్డ్ బాగుంటుందన్న గ్యారంటీ ఏమీ లేదండోయ్. యాపిల్ 2015లో తెచ్చిన బటర్‌ఫ్లై కీబోర్డ్ సన్నగా ఉందని మురిసిపోయేలోపే చిన్న దుమ్ము రేణువుకే కీలు మొరాయించడం మొదలైంది, 2018లో ఫ్రీ రిపేర్ ప్రోగ్రామ్ పెట్టారు, 2019లో 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోతో మళ్లీ పాత తరహా సిజర్ కీలకే వచ్చారు. నంబర్‌ప్యాడ్ అయితే అకౌంట్స్ పని చేసేవాళ్లకి తప్ప దండగ, దానివల్ల మిగతా కీలన్నీ ఎడమకి జరిగి మనం ఓ పక్కకి ఒరిగి టైప్ చేయాలి.

షాపులో డెమో పీస్ ఉంటే వాళ్లు పెట్టిన వీడియో ఆపేసి నోట్‌ప్యాడ్‌లో నాలుగు లైన్లు కొట్టండి, టచ్‌ప్యాడ్ పైఅంచు దగ్గర నొక్కి చూడండి, చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లలో టచ్‌ప్యాడ్‌ని అక్కడ హింజ్‌తో బిగించి ఉంటారు కాబట్టి క్లిక్ పడదు, కానీ కింద నొక్కినప్పుడు కూడా లొటలొటలాడితే వదిలేయండి. బిల్లు కట్టేముందు పూర్తి మోడల్ నంబర్ సరిచూసుకోండి, ఒకే పేరుతో రెండు మూడు రకాల ప్యానెల్స్ వస్తాయి, రివ్యూలో చూసింది ఒకటి బాక్సులో వచ్చేది ఇంకోటి.