విశాఖలో పెనాల్టీ తప్పినవాడు లేడు

విశాఖపట్నంలో ఇంతవరకు పెనాల్టీ కిక్, అంటే గోల్‌కీపరొక్కడే అడ్డుండగా కొట్టే బంతి, గురి తప్పినవాడు ఒక్కడూ లేడన్న సత్యాన్ని ప్రపంచ ఫుట్‌బాల్ ఇంకా గుర్తించకపోవడం విచారకరం. ఏడాది పొడవునా క్రికెట్‌తోనే కాలక్షేపం చేసి, నాలుగేళ్లకొకసారి ప్రపంచకప్ వచ్చినప్పుడు మాత్రమే ఈ ఆట వైపు తల తిప్పే మనకు ఈ విద్య సాధన లేకుండానే అబ్బింది. 2022 డిసెంబరులో ఫ్రాన్స్ మీద ఇంగ్లండ్ కెప్టెన్ హ్యారీ కేన్ తన రెండో పెనాల్టీని గోలు పైకడ్డీ అయిన బారు మీదుగా ఆకాశంలోకి పంపినప్పుడు మన ఊళ్లో రాత్రి రెండు దాటింది. ఆ వేళప్పుడు కూడా మా అపార్టుమెంటులో మూడు ఫ్లాట్ల నుంచి ఒకేసారి “ఇదెంత పని!” అన్న మాట వినిపించింది. అరగంట ముందే అతను అదే గోల్‌కీపరు మీద, అదీ తన క్లబ్బు సహచరుడి మీద, ఒక పెనాల్టీని గోలు చేశాడన్న సంగతి అప్పటికి ఎవరికీ గుర్తు లేదు.

లెక్క చూసినా ఇది పనే కాదు. బంతికీ గోలుకీ మధ్య దూరం 11 మీటర్లు. గోలు వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. అంటే అయిదు ఆటోలు పక్కపక్కనే నిలబడే చోటన్నమాట. జగదాంబ జంక్షన్‌లో తిరిగే మన ఆటోవారయితే ఆరోదాన్ని కూడా దూర్చి చూపిస్తారు. అయినా సమంగా ముగిసిన ఆటలో విజేతను పెనాల్టీలతో తేల్చే షూటౌట్లలో, పెద్ద పోటీల్లో కూడా, సుమారు నాలుగు కిక్కులకు ఒకటి వృథా అవుతూనే ఉంటుంది.

కాపలా కాసేవాడి సంగతి మరీ విచిత్రం. 2007లో వెలువడిన ఒక పరిశోధనలో 286 పెనాల్టీలను పరిశీలిస్తే, దాదాపు 29 శాతం బంతులు గోలు మధ్యకే వచ్చాయట. గోల్‌కీపర్లు మాత్రం నూటికి ఆరుసార్లే మధ్యలో కదలకుండా నిలబడ్డారట. నిలబడి గోలు ఇచ్చినవాణ్ణి సోమరి అంటారు, దూకి ఇచ్చినవాణ్ణి పాపం అంటారు. మా వీధిని ఏటా తవ్వి, పూడ్చి, మళ్లీ తవ్వే పెద్దలకు ఈ సూత్రాన్ని ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు. 1976లో బెల్‌గ్రేడ్‌లో జరిగిన యూరో ఫైనల్లో చెకోస్లొవేకియా ఆటగాడు పనెంకా చేసిందల్లా ఈ బలహీనతను కనిపెట్టి, గోల్‌కీపరు పక్కకు దూకాక బంతిని మెల్లగా మధ్యలోకి లేపడమే.

నా అభిప్రాయంలో పెనాల్టీ అసలు ప్రయోజనం గోలు కాదు, నింద పడవలసిన ఒక్క తలను తేల్చడం. 1994 ప్రపంచకప్ ఫైనల్ షూటౌట్‌లో బ్రెజిల్ చేతిలో ఇటలీ ఓడిందనగానే అందరికీ రాబర్టో బాజియో కొట్టిన బంతి బారు మీదుగా పోవడమే గుర్తొస్తుంది. అతనికి ముందు అతని జట్టువారే బరేసీ, మస్సారో కూడా తప్పారు. బాజియో గోలు కొట్టినా బ్రెజిల్ చేతిలో ఇంకొక కిక్ మిగిలే ఉంది. అంతకుముందు 120 నిమిషాలు ఇరవైమందికి పైగా పరుగులెత్తి ఒక్క గోలూ చేయలేకపోయిన వైనాన్ని ఎవరడుగుతారు? పెళ్లి భోజనాల్లో వంద వంటకాలు ఎలా ఉన్నా, చివర్లో పెరుగు చాలలేదన్న మాటే ఊరంతా తిరిగినట్టు, ఆ ఒక్క బంతే మిగిలింది.

శాస్త్రీయ దృష్టి ఉన్నవాణ్ణి కాబట్టి నేను కూడా ఒక ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో, కురుసురా సబ్‌మెరైన్‌కు కాస్త ఇవతల, ఒక ప్రయోగం చేశాను. రెండు జతల చెప్పులు గోలు స్తంభాలయ్యాయి. అక్కడ ఆడుకుంటున్న పదేళ్ల కుర్రవాడు గోల్‌కీపరు అయ్యాడు. నా భార్య, మా అత్తగారు, మొక్కజొన్న పొత్తులు తింటున్న ఇరవైమంది అపరిచితులు, ఫోను ఎత్తిపట్టుకున్న ఒక యువకుడు ప్రేక్షకులయ్యారు. కుర్రవాడు తొందరపడలేదు. చెప్పులు సర్ది, చేతులు దులుపుకొని, “ఏటంకుల్, ఎటు కొడతారు?” అని అడిగాడు. ఆ ప్రశ్నతో నాకు కుడి ఎడమలు కలిసిపోయాయి. ఈల మోగగానే హడావిడిగా కొట్టేసేవారు ఎక్కువగా తప్పుతారని నార్వే పరిశోధకుడు గేర్ యోర్డెట్ చెప్పిన మాట నాకు తెలుసు. తెలిసీ, ఆ చూపుల నుంచి ఎంత త్వరగా బయటపడదామా అని పరుగెత్తి కొట్టాను. బంతి రెండు జతలకూ సంబంధం లేకుండా సముద్రం వైపు వెళ్లిపోయింది.

“ఇదెంత పని, బాబూ!” అన్నారు మా అత్తగారు, జాలిగా.

కాబట్టి అధికారులకు నా మనవి ఇది: ఇకమీదట “ఇదెంత పని” అనదలచినవారు ముందుగా అత్తగారి సమక్షంలో ఒక పెనాల్టీ కొట్టి, ధ్రువపత్రం పొంది ఉండాలి. ఇసుక జారిందనో, గాలి ఎదురైందనో పెట్టుకునే అర్జీలు చెల్లవు. ఈ నిబంధన వచ్చే ప్రపంచకప్ నుంచి అమలైతే చాలు, 2022 నాటి మాటలకు దీన్ని వర్తింపజేయరాదు. ఆ రాత్రి కేకలు వినిపించిన మూడు ఫ్లాట్లలో ఒకటి మాది.