సవరణ: అలీ సంతకంపై నా తీర్పు తప్పు

బరంపురంలో మిత్రుడి ఇంట్లో ఉన్న, బాక్సర్ ముహమ్మద్ అలీ సంతకంతో కూడిన ఫోటో గురించి మొన్న రాసినదాంట్లో పొరపాటు చేశాను. అది 1963 జూన్‌లో లండన్‌లో బ్రిటిష్ బాక్సర్ హెన్రీ కూపర్‌తో జరిగిన అలీ పోటీది. అప్పటికి అలీ పేరు క్యాషియస్ క్లే కాబట్టి, దానిపై ‘ముహమ్మద్ అలీ’ సంతకం నకిలీదేనని తేల్చేశాను. పేరు మారింది 1964 మార్చిలో, నిజమే. కానీ పాత ఫోటోపై ఎన్నేళ్ల తర్వాతైనా సంతకం పెట్టవచ్చు కదా!

అక్షరాల వణుకునూ దోషంగా లెక్కించాను. 1984లో పార్కిన్సన్స్ వ్యాధి నిర్ధారణ అయ్యాక ఆయన చేతిరాతే మారిపోయింది. ముందుగా చూడాల్సింది అది అచ్చువేసిన సంతకమా కాదా అని: భూతద్దం కింద సిరా గీతకు బదులు సన్నని చుక్కలు కనిపిస్తే అది అచ్చే. ఇక్కడ గీతే ఉంది. అంతమాత్రాన అసలైనదని చెప్పను. అదే కాలపు సంతకాలతో పోల్చేదాకా ధర కట్టకూడదు. నా మాట నమ్మి దాన్ని తక్కువకు అమ్మబోయిన మిత్రుడికి క్షమాపణలు.