పార్కు నిబంధనలు ఎవరిని ఆపుతున్నాయి?

పార్కుల్లో క్రమశిక్షణ లోపించింది కాబట్టి ప్రవేశ రుసుము పెట్టి, బంతి ఆటలను నిషేధించి, వేళలను కుదించాలని పార్కుల నిర్వహణపై వచ్చిన ఒక వ్యాసం సూచించింది. వ్యాసకర్త చెప్పిన కారణంతో ఏకీభవిస్తాను కానీ పరిష్కారంతో ఏకీభవించలేను. ప్రజాధనంతో నిర్మించిన తొలి పార్కుల్లో ఒకటైన ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్ పార్కు 1847లో అందరికీ ఉచితంగానే తెరుచుకుంది. రుసుము ఎంత చిన్నదైనా, రోజూ నడకకు వచ్చే వృద్ధులకు, ఇంట్లో చోటు లేక పిల్లలను ఆడించడానికి తీసుకువచ్చే తల్లులకు నెల తిరిగేసరికి అది భారమే అవుతుంది. వేళలను ఉదయం, సాయంత్రాలకే పరిమితం చేస్తే, ఆ సమయాల్లో పనిలో ఉండేవారికి పార్కు లేనట్టే.

అన్నిటికంటే నాకు అభ్యంతరకరంగా కనిపించేది గేటు. ద్విచక్ర వాహనాలు రాకుండా అమర్చే తిరుగుడు గేట్లు, ఇనుప కమ్మీలు చక్రాల కుర్చీనీ, పసిపిల్లల బండినీ కూడా ఆపేస్తాయి. ద్విచక్ర వాహనాన్ని లోపలికి తేవాలనుకున్న కుర్రాడు మాత్రం ఎక్కడో ఒక సందు వెతుక్కుంటాడు. మహిళలు, పిల్లలు, వృద్ధులు, దివ్యాంగులతో సహా అందరికీ సురక్షితమైన పచ్చని బహిరంగ స్థలాలు 2030 నాటికి అందుబాటులోకి రావాలని ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో స్పష్టంగా ఉంది. ఆ అందుబాటు గేటు వెడల్పుతోనే మొదలవుతుందన్న సంగతి రూపకర్తలకు తట్టకపోవడం విచిత్రం.

చెత్త వేయకూడదు, కుక్కలను గొలుసుతోనే తీసుకురావాలి వంటి నిబంధనలపై ఎవరికీ పేచీ ఉండదు. బంతి ఆటలకు మాత్రం పూర్తి నిషేధం కంటే, నడకదారికి దూరంగా ఒక మూల కేటాయించి వేళలు నిర్ణయించడం మేలు. పార్కుల్లో నిషేధాలతో నింపి పెట్టే నిబంధనల బోర్డు మీద ఫిర్యాదు ఎవరికి చేయాలో కూడా రాయాలి.