చేపలూ చిప్సూ, ఒక లీజు కాగితం

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఆదివారం మధ్యాహ్నం. బాబాయ్‌కి ఇక్కడ రెండు షాపులున్నాయి, రెండూ అద్దెకిచ్చాడు. అన్న కూతురు లా చదువుతోంది. మధ్యలో కాగితం పొట్లంలో వేడి చిప్స్.

అమ్మాయి: ఫారింగ్టన్ ఫెయిర్ షాపింగ్ సెంటర్ కేసు గుర్తుందా బాబాయ్? ఇక్కడే, లీమింగ్‌లో. ఇలాంటి చిప్స్ కొట్టే. కూతురికి మెదడువాపు వస్తే, అమ్మేసి పిల్లను చూసుకుందామనుకున్నారు ఆ దంపతులు. లీజేమో అయిపోవస్తోంది. లీజు లేని కొట్టు ఎవరు కొంటారు?

బాబాయ్: తెలుసులే. రెన్యూ చేస్తామనే కదా ఓనర్లు అన్నది.

అమ్మాయి: ఊరికే అన్నారా? మెయింటెనెన్స్ ఖర్చులు ఎక్కువ వసూలు చేశారని ఆ దంపతులు వేసిన కేసు వదులుకుంటేనే అన్నారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు.

బాబాయ్: అమ్మా, లీజులో రెన్యువల్ ఆప్షనే లేదు. ఇవ్వక్కర్లేనిది ఇచ్చేటప్పుడు బదులుగా ఒకటి అడిగితే పాపమా? వాళ్లకి లాయరున్నాడు. ఏం రాసిస్తున్నారో తెలిసే సంతకం పెట్టారు. కొట్టూ అమ్ముకున్నారు. 2003లో హైకోర్టు కూడా నలుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా ఆ మాటే చెప్పింది. ఇక్కడ హైకోర్టంటే మన సుప్రీంకోర్టు లాంటిది, ఆపైన ఇంకేం లేదు.

అమ్మాయి: మొదట కేసు విన్న జడ్జి రాబర్ట్ ఫ్రెంచ్ అలా అనలేదుగా. పరిస్థితి వల్ల వచ్చిన నిస్సహాయతా నిస్సహాయతే అన్నారు. ఆయనే 2008లో అదే హైకోర్టుకి చీఫ్ జస్టిస్ అయ్యారు.

బాబాయ్: అయితే? తీర్పు మారిపోయిందా?

అమ్మాయి: చట్టం మారింది. 1998 జులై నుంచి చిన్న వ్యాపారుల కోసం వేరే సెక్షన్ వచ్చింది. ఎవరి చెయ్యి పైన ఉంది, ఒత్తిడి పెట్టారా, తమ ప్రయోజనం కాపాడుకోడానికి అక్కర్లేని షరతు పెట్టారా, ఇవన్నీ కోర్టు చూడొచ్చు. వీళ్లు సంతకం పెట్టింది 1996లో. రెండేళ్లు ముందు.

బాబాయ్: సరే, నా సంగతి చెప్పు. అద్దెదారు వచ్చి ఇంట్లో కష్టం చెప్తాడు. ఆ క్షణం నుంచి నేను బేరమాడకూడదా? కంతు ఒక్కరోజు ఆలస్యమైతే బ్యాంకు నా కష్టం అడుగుతుందా?

అమ్మాయి: ఆడు, ఎవరొద్దన్నారు? అద్దె పెంచు. నచ్చకపోతే అతనే పోతాడు. అది ఆ గదికి సంబంధించిన బేరం. కానీ నువ్వు ఎక్కువ లాగిన డబ్బు వెనక్కివ్వమన్న కేసుని ఆ బేరంలోకి లాగితే? గదికి గిరాకీ ఉందని కాదు, అతనికి దారి లేదని అడుగుతున్నావు.

బాబాయ్: (ఒక చిప్ తీసి, తినకుండా పట్టుకుని) మన కేఫ్ అతను కూడా... నీళ్ల బిల్లులో ఎక్కువ వేశానని పోట్లాడుతున్నాడు. సెప్టెంబరుతో లీజు అయిపోతుంది.

అమ్మాయి: వేశావా?

బాబాయ్: లెక్క చూడాలి.