టోలుయీన్ వాసన మన పిల్లలకెందుకు?

గుంటూరులో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసిన మూడు నెలలూ టోలుయీన్ వాసనతోనే ఇంటికెళ్లాను. పెయింట్ థిన్నర్లలో వాడే సాల్వెంట్, అంటే వేరేవాటిని కరిగించే ద్రవం, అది. ల్యాబ్‌లో ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ ఫ్యాన్ తిరిగేది కాదు, కిటికీ తీసుకోమనేవారు. "ఏంటమ్మా ఈ పెయింట్ వాసన, తలనొప్పి రావట్లేదా?" అని అమ్మ రోజూ అడిగేది. వచ్చేది.

పని ఫుల్లరీన్‌ని ప్లాస్టిక్‌లో కలపడం. 60 కార్బన్ పరమాణువులు ఫుట్‌బాల్‌లా అల్లుకున్న సీ60 ఇది. 1985లో కనుక్కున్నారు, 1996లో క్రోటో, కర్ల్, స్మాలీలకు నోబెల్ వచ్చింది. నల్లటి పొడి టోలుయీన్‌లో పడితే వంకాయ రంగుకు తిరుగుతుంది, ఎంత అందంగా ఉంటుందో! అందులో పీఎంఎంఏ, అంటే అద్దంలా ఉండే అక్రిలిక్ ప్లాస్టిక్, కరిగించి పెట్రీ డిష్‌లో ఆరబెడితే తెల్లారేసరికి అంచుల్లో నల్ల చుక్కలు. టోలుయీన్ ఆవిరయ్యేకొద్దీ ఫుల్లరీన్లు ఒకచోట చేరి గడ్డ కట్టేస్తాయి.

దీనికి ఇంకో దారి ఉంది, సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్. 31 డిగ్రీల వేడి, దాదాపు 74 బార్ ప్రెజర్ దాటితే అది ద్రవమూ కాదు, వాయువూ కాదు. మే నెలలో విజయవాడలో ఏ ల్యాబ్ మూలనో ఉన్న నిండు కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌లో ఉండేది అదే.

అందులో సీ60 దాదాపు కరగదు, పీఎంఎంఏ కూడా కరగదు. నేను ఈ మాట ఎత్తితే "మరి అదేం సాల్వెంట్?" అని మా గైడ్ ఫైల్ మూసేశారు. అప్పుడు నాకు జవాబు తెలియలేదు, ఇప్పుడు చెప్తాను. కరగక్కర్లేదు సార్. అది పాలిమర్ (ప్లాస్టిక్) గొలుసుల మధ్యకి దూరి ఉబ్బిస్తుంది. మామూలుగా 105 డిగ్రీల దగ్గర మెత్తబడే పీఎంఎంఏ చాలా తక్కువ వేడికే మెత్తబడుతుంది, ఫుల్లరీన్‌ని అప్పుడు కలపొచ్చు. లేదా ఆ కార్బన్ డయాక్సైడ్‌లో చక్కగా కలిసిపోయే మోనోమర్‌తోనే (పాలిమర్ గొలుసులోని ఒక్కో లింకు) మొదలుపెట్టి, ఫుల్లరీన్ పక్కనుండగానే పాలిమర్ కట్టొచ్చు. కాకపోతే ఆ గొలుసును పెంచే ఫ్రీ రాడికల్స్‌ని సీ60 స్పాంజిలా పీల్చేస్తుంది, వాటిని పుట్టించే ఇనిషియేటర్ లెక్క జాగ్రత్తగా చూసుకోవాలి. చివర్లో వాల్వ్ మెల్లగా తిప్పితే గ్యాస్ పోతుంది, ప్లాస్టిక్‌లో ఏ వాసనా మిగలదు. గబుక్కున తిప్పితే మాత్రం మరమరాల్లా పొంగిపోతుంది.

ఆ ప్రెజర్‌ని తట్టుకునే పాత్ర ఖరీదే, ట్రైనింగూ కావాలి. కానీ మిరపకాయల నుంచి ఓలియోరెసిన్ (కారం, రంగు ఉన్న చిక్కటి సారం) తీయడానికీ ఇదే పద్ధతి పనికొస్తుంది. ఇంత పెద్ద మిర్చి యార్డు పెట్టుకున్న ఊళ్లో ఈ పని నేర్చిన పిల్లలకి గిరాకీ ఉండదా? విజయవాడ, గుంటూరు కాలేజీలన్నీ కలిసి అలాంటి పాత్ర ఒక్కటి కొనుక్కోలేవా?

అది వచ్చేలోపు ముందు ఆ ఫ్యాన్ బాగుచేయించండి. ఈ ఏడాది కూడా అదే గదిలో నలుగురు ఆడపిల్లలు పనిచేస్తున్నారు.