మోంగో గ్రహానికి కర్నూలు వారసులు

కర్నూలులో ప్రభుత్వాలు పట్టించుకోని వర్గాలు చాలానే ఉన్నాయి. ఉల్లి రైతులు, టమాటా రైతులు, ఏటా మిరప కోతలకి గుంటూరు వైపు వలసపోయే కూలీలు. వీళ్ళ గురించి ఎన్నికల ముందైనా ఎవరో ఒకరు గొంతు చించుకుంటారు. ఏ మేనిఫెస్టోలోనూ సగం వాక్యానికి కూడా నోచుకోని వర్గం మాత్రం ఒకటుంది. వాళ్ళే అమెరికా బొమ్మల కథల హీరో ఫ్లాష్ గార్డన్ అభిమానులు. అరవై దాటినవాళ్ళు, రిటైరైనవాళ్ళు, పొద్దున బీపీ మాత్ర మర్చిపోయినా బీరువా తాళంచెవి మర్చిపోనివాళ్ళు. వాళ్ళ తరఫున నాలుగు మాటలు చెప్పడం బాధ్యత గల పౌరుడిగా నా విధి.

విషయం తెలియని కుర్రకారు కోసం కొంత చరిత్ర. అమెరికా పేపర్లలో 1929లో బక్ రోజర్స్ అనే బొమ్మల కథ మొదలైంది. అందులో హీరో ఒక గనిలో విషవాయువు పీల్చి నిద్రపోయి, ఐదు వందల ఏళ్ళ తర్వాత లేస్తాడు. ఏళ్ళుగా కదలని గుండ్రేవుల రిజర్వాయరు ఫైలు సంగతి తెలిసినవాళ్ళకి ఇందులో వింతేమీ కనపడదు గానీ, అమెరికా వాళ్ళు మాత్రం వెర్రెత్తిపోయారు. దానికి పోటీగా తమకీ ఒకటి కావాలని కింగ్ ఫీచర్స్ సంస్థ వాళ్ళు, అంగారక గ్రహం మీద కత్తి తిప్పే జాన్ కార్టర్ కథల హక్కులు అడిగారు. బేరం కుదరలేదు. సరే, మనమే ఒకణ్ణి పుట్టిద్దామని తమ దగ్గర పనిచేసే అలెక్స్ రేమండ్ అనే ఇరవై నాలుగేళ్ళ కుర్రాడికి పని అప్పజెప్పారు. 1934 జనవరి 7, ఆదివారం నాడు ఫ్లాష్ గార్డన్ అచ్చయ్యాడు. దాదాపు నలభై ఏళ్ళ తర్వాత జార్జ్ లూకాస్ అనే ఇంకో కుర్రాడు ఫ్లాష్ గార్డన్‌ని సినిమాగా తీస్తానని హక్కులు అడిగాడు. ఆయనకీ దొరకలేదు. ఆయనా సొంతంగా ఒకటి అల్లుకున్నాడు. అదే 1977లో వచ్చిన స్టార్ వార్స్.

1953లో రాజధాని వస్తే డేరాల్లో ఆఫీసులు నడిపి, 1956లో దాన్ని హైదరాబాదుకి సాగనంపిన ఊరు మాది. అడిగింది దొరక్కపోవడంలో మాకున్నంత అనుభవం హాలీవుడ్‌కి లేదు. తేడా అంతా ఆ తర్వాత చేసే పనిలో ఉంది. వాళ్ళు ఇంకోటి పుట్టించుకున్నారు, మేము వినతిపత్రం రాసుకున్నాం.

ఇక కథ. మోంగో అనే గ్రహం భూమి మీదికి దూసుకొస్తుంటుంది. డాక్టర్ జార్కోవ్ అనే శాస్త్రవేత్త ఒక రాకెట్ తయారు చేసి, దాంతో మోంగోని గుద్ది దారి మళ్ళిద్దామనుకుంటాడు. ఒక్కడే పోవచ్చు కదా, పోడు. విమాన ప్రమాదంలోంచి పారాచూట్‌తో బయటపడి ఆయన ఇంటి దగ్గర దిగిన ఫ్లాష్‌నీ, డేల్ ఆర్డెన్ అనే అమ్మాయినీ తుపాకీ చూపించి మరీ ఎక్కిస్తాడు. ఫ్లాష్ అర్హత ఏమిటయ్యా అంటే, యేల్ యూనివర్సిటీలో చదివాడు, పోలో బాగా ఆడతాడు. మోంగోని ఏలే మింగ్ చక్రవర్తిని ఎదిరించడానికి ఈ మాత్రం బయోడేటా చాలు. మా పిల్లలు బీటెక్ చేసి, మూడు కోర్సులు నేర్చుకుని, బెంగుళూరులో రూమ్ తీసుకుని ఉన్నా ఇంటర్వ్యూ కాల్ రాదు.

మన దేశంలో టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్ళు 1964 మార్చిలో ఇంద్రజాల్ కామిక్స్ మొదలుపెట్టారు. మొదట్లో అన్నీ ముసుగు వీరుడు ఫాంటమ్ కథలే. మాంత్రికుడు మాండ్రేక్, మన ఫ్లాష్ గార్డన్ తర్వాత వచ్చి చేరారు. 1990లో అది ఆగిపోయింది. అప్పటి నుంచి కొత్త ఇంద్రజాల్ పుస్తకం లేదు, ఉన్న పాతవాటి కోసం వేటే.

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వజ్రాల కోసం వెతకడం మీరు టీవీలో చూసే ఉంటారు. పాత పేపర్ల కొట్లో మా అభిమాని వెతుకులాట అచ్చం అలాగే ఉంటుంది. నడుం వంచి, పక్కవాడు ఏం చూస్తున్నాడో ఓరకంట కనిపెడుతూ, దొరికింది దొరికినట్టు కాలికింద కప్పేస్తూ. అసలు పరీక్ష దొరికాక మొదలవుతుంది. మొహంలో ఆనందం కనపడకూడదు. "ఏదోలేప్పా, మనవడు గీతలు గీసుకుంటాడని" అంటూ ఇరవై నోటు తీయాలి. కొట్టతను ఈ నాటకం ఎన్నిసార్లు చూశాడో! "మనవడికైతే డోరేమాన్ బుక్కు ఉండాది సార్, తీస్కపోండి. ఇది తాతలది. ఐదు నూర్లు" అంటాడు. పైసల్లో అచ్చయిన ధర మీద వేలు పెట్టి చూపించినా లాభం లేదు. అతను చదువుకున్నది తక్కువే అయినా మార్కెట్ చదువుకున్నాడు.

మా ఊరి అభిమానుల చరిత్రలో కాలం రెండు భాగాలు. వరదకి ముందు, వరద తర్వాత. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్ళోకి వచ్చేశాయి. పాతబస్తీ మునిగిపోయింది. జనం మిద్దెల మీద రాత్రులు గడిపారు. ఆ బాధ చెప్పేది కాదు, దాని మీద నవ్వడానికి నాకు నోరు రాదు. నేను మాట్లాడేది తర్వాతి సంగతి. ఆ వరదలో ఏ అభిమానికి ఏం పోయిందని అడిగినా జవాబు ఒక్కటే. "ఫుల్ సెట్టు పోయిందన్నా." ఒక్కరికి కూడా సగం సెట్టు పోలేదు. చిరిగిన పుస్తకం ఒక్కటి పోలేదు. వాళ్ళందరి లెక్కలు కలిపితే, ఇంద్రజాల్ వాళ్ళు అచ్చు వేసినవాటి కంటే కర్నూలులో తడిసినవే ఎక్కువ తేలతాయి. రెండో అంతస్తులో అద్దెకున్న ఒకాయనకి కూడా ఫుల్ సెట్టే పోయింది. ఎలాగండీ అంటే, ఆ ముందురోజే కింది వాటా వాళ్ళకి చదవడానికి ఇచ్చానన్నారు. వరదకి ముందు గానీ తర్వాత గానీ ఆయన ఎవరికీ ఒక్క పుస్తకం ఇచ్చిన దాఖలా లేదు.

ఇందులో ఇంకో విషాదం ఉంది. అలెక్స్ రేమండ్ పుట్టింది 1909 అక్టోబరు 2న. అంటే వరద వచ్చింది సరిగ్గా ఆయన శతజయంతి నాడు. ఈ సంగతి మా వాళ్ళకి ఫోన్లో ఎవరో పంపితే తెలిసింది. అప్పటి నుంచి డ్యామ్ గేట్ల గురించీ, ఇన్‌ఫ్లోల గురించీ ఇంజనీర్లు చెప్పేది ఎవరూ వినడం లేదు. ఇది మింగ్ పనే అని తేల్చేశారు. విచారణ కమిషన్ వేయమని కోరుతూ ఒక అర్జీ కూడా తయారైంది. ముద్దాయి చిరునామా దగ్గర ఆగింది.

ఒక ఆదివారం నన్ను వాళ్ళ సమావేశానికి పిలిచారు. కల్లూరు వైపు ఒక ఇంటి మిద్దె మీది గది. ముందుగా ఉగ్గాని, బజ్జీ పెట్టారు. తిన్నాక సబ్బుతో చేతులు కడిగించారు. తువ్వాలుతో తుడిపించారు. తర్వాత వేళ్ళు వాసన చూశారు. బజ్జీ వాసన ఉందని ఒకాయన్ని మళ్ళీ కొళాయి దగ్గరికి పంపారు. అప్పుడు పెద్దాయన బీరువా తెరిచి ఒక పాలిథిన్ కవరు తీశారు. అందులో ఇంకో కవరు. దానిలోపల పుస్తకం, రెండు కలరా ఉండలు. పిన్నులు తుప్పు పట్టి నడిమి పేజీ మీద గోధుమరంగు మరక దిగింది. అట్ట మూల మీద ఎవరో పిల్లవాడు బాల్‌పెన్నుతో తన పేరు, తరగతి, సెక్షన్ రాసుకున్నాడు. ఆ పేరు చూసి పెద్దాయన మొహం మాడ్చుకున్నారు. ఆ ఒక్క రాత వల్ల సగం విలువ పడిపోయిందట. నాకైతే ఆ పుస్తకం మొత్తమ్మీద దాన్ని చదివినట్టు ఆధారం ఉన్న మనిషి అతనొక్కడే అనిపించింది. పైకి అనలేదు. ఇంకా కాఫీ రావాల్సి ఉంది.

"లోపల ఏముందండీ?" అని అడిగాను.

"తెరిస్తే వెన్ను విరుగుతుందప్పా" అన్నారు. పుస్తకం వెన్నే.

రేమండ్ బొమ్మల విషయంలో మాత్రం నేను వ్యంగ్యం ఆడలేను. మా వాళ్ళు ఆ బొమ్మలు చూసింది మనవళ్ళు ఫోన్లోకి దించి ఇచ్చిన పీడీఎఫ్‌లలోనే, అదీ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, రెండు వేళ్ళతో పెద్దవి చేసుకుంటూ. చూసి తీరాల్సినవే. కుంచెతో సన్నసన్నగా వేసిన గీతలు, ఒంటి మీద వెలుగు ఎక్కడ పడి ఎక్కడ ఆగుతుందో చెప్పే నీడలు, గాలికి ఎగిరే అంగీ మడతలు. మనుషుల్ని ఎదురుగా నిలబెట్టుకుని గీసేవాడు. మొదట్లో మాటలు బుడగల్లో ఉండేవి. తర్వాత బుడగలు తీసేసి మాటల్ని బొమ్మ అంచుకి తోసేశాడు. బొమ్మకి అడ్డం ఎందుకని. 1944లో యుద్ధానికి వెళ్ళేదాకా గీశాడు, 1956లో కారు ప్రమాదంలో పోయాడు, నలభై ఆరేళ్ళకే. ఆ కథలు రాయడంలో చెయ్యి డాన్ మూర్ అనే ఆయనది. ఆయన పేరు వేసేవాళ్ళు కాదు. మా అభిమానులు ఈ సంప్రదాయాన్ని ఈనాటికీ భక్తిగా పాటిస్తున్నారు. ఆయన పేరెత్తితే ఎవరు ఆయన, మునిసిపల్ ఆఫీసులో పనిచేశాడా అని అడిగారు.

సైన్సు సంగతికొస్తే, అభిమానుల్లో ఒక వర్గం ఉంది, అన్నీ రేమండ్ ముందే చెప్పేశాడనే వర్గం. రాకెట్ చెప్పాడు, కిరణాల తుపాకీ చెప్పాడు, బొమ్మ కనపడే ఫోను చెప్పాడు. మరి మోంగో మీద అందరూ మాస్కులేమీ లేకుండా ఊపిరి ఎలా పీలుస్తున్నారండీ అంటే, అక్కడ పొల్యూషన్ లేదు కదా అన్నారు. ఆకాశంలో నగరం కిరణాల మీద నిలబడటం ఎలా అంటే, లేపాక్షిలో స్తంభం వేలాడటం లేదా అని నన్నే నిలదీశారు. కిరణాల తుపాకులు ఉండగా మాటిమాటికీ కత్తులు దూస్తారెందుకు అంటే మాత్రం గది అంతా ఒక్కసారి నవ్వింది. "అదీ రోషమంటే!" అని. ఇలాంటి జవాబులు చెప్పీచెప్పీనే కదా, మన మీద సుమోలు లేచే సినిమాలు అన్ని తీశారు.

అసలు మోంగో మన సీమేనని వీళ్ళ సిద్ధాంతం. ఇది వినడానికి తమాషాగా ఉన్నా కొట్టిపారేయలేం. అక్కడ సింహమానవుల రాజ్యం ఒకటి, రెక్కల మనుషుల రాజ్యం ఒకటి, అడవి రాజ్యం, మంచు రాజ్యం, నీళ్ళ అడుగున ఇంకోటి. ఒకరంటే ఒకరికి పడదు. మింగ్ బలమంతా అక్కడే ఉంది. సైన్యం కంటే ఈ తగాదాలే అతనికి ఎక్కువ అక్కరకొచ్చాయి. ఫ్లాష్ చేసిన గొప్ప పని కండబలంతో చేసింది కాదు. ఆ రాజ్యాల నాయకులైన థున్‌నీ, బారిన్‌నీ, వల్టాన్‌నీ ఒక చోట కూర్చోబెట్టాడు. అందుకు ఏళ్ళు పట్టింది. 1941లో గానీ మింగ్ గద్దె దిగలేదు. ఈ ఘట్టం చెప్పేటప్పుడు పెద్దాయన గొంతు పూడుకుపోయింది. "కలిసుంటే సాధించలేనిది లేదప్పా" అని కళ్ళు తుడుచుకున్నారు.

అప్పుడు ఆ గదిలో ఉన్నది రేమండ్ వర్గం మాత్రమే. 1951 నుంచి రోజువారీ స్ట్రిప్ గీసిన డాన్ బారీయే గొప్ప అనే వర్గం సి.క్యాంపులో వేరే కూర్చుంటుంది. ఈ రెండు వర్గాలూ ఒకరి ఇంట్లో పెళ్ళికి ఒకరు పోరు. ఫాంటమ్ వాళ్ళు మూడో వర్గం. తమకి ముప్ఫై పుస్తకాల సీనియారిటీ ఉందని వాళ్ళ గీర. ఇది కాక కడపలో ఒకాయన, అనంతపురంలో ఒకాయన ఉన్నారు. ఇద్దరూ ఎవరికి వారు రాయలసీమ మొత్తానికి తామే అధ్యక్షులమంటారు. లెటర్‌హెడ్‌లు కూడా కొట్టించుకున్నారు.

మొన్న జనవరి 7న రాజ్‌విహార్ సెంటర్లో ఫ్లెక్సీ పెట్టాలనుకున్నారు. డిజైన్ చేసే కుర్రాడు అంతా విని, "ఏ పార్టీ సార్?" అన్నాడు. పార్టీ లేదు నాయనా, ఈయన వేరే గ్రహం మీద పోరాడాడు అంటే, "అయినా పైన లీడర్ల ఫొటోలు లేకుంటే రాత్రికే పీకేస్తారు" అని అనుభవం చెప్పాడు. చివరికి పైన వరసగా ఐదుగురు నాయకులు, పక్కన శుభాకాంక్షలు తెలిపేవారి పాస్‌పోర్ట్ ఫొటోలు, కింద మూలలో ఫ్లాష్ గార్డన్ తల. ఆ తలని కూడా ఎవరో కొత్త కార్పొరేటరు అనుకున్నారట. ఒకాయన వచ్చి డ్రైనేజీ గురించి అడిగిపోయాడు.

ఇన్ని కష్టాల మధ్య మూడు వర్గాలూ ఒక్క విషయంలో కలిశాయి. పిల్లలకి ఆ తరం పుస్తకాల విలువ తెలియాలని ఒక స్కూల్లో ప్రదర్శన పెట్టాలని తీర్మానించారు. అద్దాల బీరువా చేయించారు. పుస్తకాలు కవర్లతో సహా అందులో ఉంటాయి, అట్టలు కనపడతాయి, చాలు. ఎవరి పుస్తకాలు ఎవరు మార్చేస్తారోనన్న అనుమానంతో బీరువాకి మూడు తాళాలు వేశారు, వర్గానికొకటి. మూడూ ఉంటే గానీ తెరుచుకోదు. ప్రారంభోత్సవం రోజు పిల్లలంతా అద్దానికి ముక్కులు ఆనించి నిలబడ్డారు. ఒక ఐదో తరగతి పాప "తర్వాత ఏమైతుంది సార్?" అని అడిగితే, తీసి చూపిద్దామని ఇద్దరు పెద్దలు నిజంగానే జేబులు తడుముకున్నారు. ఆ మాట చెప్పుకోవాలి. మూడో తాళంచెవి ఫాంటమ్ వర్గం కోశాధికారి దగ్గరుంది. ఆయన కొడుకు దగ్గరికి బెంగుళూరు పోయాడు. ఫోన్ చేస్తే, సంక్రాంతికి వస్తాను, అప్పటిదాకా ఎవరూ బీరువా మీద చెయ్యి వేయొద్దు అన్నాడట.