తగ్గించేదేదో కారు కొనేటప్పుడే తగ్గించండి

మా చెల్లి 2024 మార్చిలో పాత ఎలక్ట్రిక్ కారొకటి కొనుక్కుంది. ధర 12,000 డాలర్లు. డీలర్ ఆఫీసులో తన పక్క కుర్చీలో నేనున్నాను. వాళ్ళు ప్రింట్ తీసిచ్చిన కాగితం మీద కారు ధర, కింద సేల్స్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు, అన్నిటికన్నా కింద ఇంకో లైను: ఫెడరల్ టాక్స్ క్రెడిట్ (ఎలక్ట్రిక్ కారు కొన్నందుకు అమెరికా కేంద్ర ప్రభుత్వం పన్నులో ఇచ్చే రాయితీ), మైనస్ 3,600. చెల్లి ఆ అంకె మీద వేలు పెట్టి, "అక్కా, ఇది ఇప్పుడే తగ్గిస్తారా? వచ్చే ఏప్రిల్‌లో తిరిగి కట్టమనరు కదా?" అంది.

కట్టమనలేదు. ఆ విషయం గురించే ఇదంతా రాస్తున్నాను. అమెరికాలో ఎలక్ట్రిక్ కార్ల టాక్స్ క్రెడిట్ మంచిదా చెడ్డదా అని అందరూ వాదించుకుంటారు. ఆ డబ్బు ఎవరి చేతికి, ఎప్పుడు అందుతోంది అన్నది మాత్రం ఎవరూ అడగరు. నాకు అదే అసలు ప్రశ్న.

చెల్లి వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేస్తుంది. ఏడాదికి 30,000 డాలర్ల దాకా వస్తాయి. టాక్స్ రిటర్ను ఒంటరిగా ఫైల్ చేస్తుంది. స్టాండర్డ్ డిడక్షన్ పోగా 2024కి తనకు పడిన ఫెడరల్ టాక్స్ సుమారు 1,600. అదే కారు మూడు నెలల ముందు, 2023 డిసెంబరులో కొని ఉంటే తనకు దక్కేది 2023కి పడిన టాక్స్ మేరకే, అదీ దాదాపు ఇంతే. అప్పటి రూలు ప్రకారం క్రెడిట్ మనం కట్టాల్సిన టాక్స్‌ని సున్నా దాకా తగ్గిస్తుంది, అంతకుమించి పైసా ఇవ్వదు. మిగిలిన సుమారు 2,000 మరుసటి ఏడాదికి కూడా జమ కాదు. పోయినట్టే. అంటే జీతం తక్కువైనకొద్దీ సాయమూ తక్కువ. వచ్చే ఆ కాస్తా కారు కొన్న రోజున రాదు, ఏడాది తిరిగి ఫైల్ చేశాక వస్తుంది. డౌన్ పేమెంట్‌కి వెతుక్కునే మనిషికి అది ఎందుకు పనికొస్తుంది?

ఈ లోపం కొత్తది కాదు. 2008 చట్టంతో మొదలై, ఆ తర్వాత కొత్త కారుకి 7,500 డాలర్ల దాకా ఇచ్చిన క్రెడిట్ ఏళ్ళ తరబడి ఇలాగే నడిచింది. మొత్తం 7,500 దక్కాలంటే అంత టాక్స్ పడాలి కదా. 2022 లెక్కల్లో ఒంటరిగా ఫైల్ చేసేవాళ్ళకి దాదాపు 67,000 జీతం ఉంటే తప్ప అది కుదరదు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీ ఆర్థికవేత్తలు సెవెరిన్ బోరెన్‌స్టీన్, లూకస్ డేవిస్ 2015లో టాక్స్ రిటర్నుల లెక్కలు తీసి చూస్తే, ఎలక్ట్రిక్ కార్ల క్రెడిట్‌లో దాదాపు 90 శాతం ఆదాయంలో పైనున్న ఐదో వంతు జనానికే వెళ్ళిందని తేలింది.

ఆ జనంలో నేనూ ఉన్నాను. 2017లో కొత్త కారు కొని మొత్తం 7,500 తీసుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ డబ్బు రాకపోయినా నేను ఆ కారే కొనేదాన్ని. చెల్లి మాత్రం 3,600 తగ్గకపోతే కొనగలిగేది కాదు. ప్రజల డబ్బు నాకు రెండింతలు ఇచ్చి ఏం సాధించిందో నాకిప్పటికీ అర్థం కాదు.

2022లో వచ్చిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ ఇందులో చాలా తప్పులు సరిదిద్దింది. కొత్త కార్లకి ధర మీద, కొనేవాళ్ళ ఆదాయం మీద పరిమితులు పెట్టింది. మొదటిసారి పాత కార్లకీ క్రెడిట్ ఇచ్చింది: 25,000 లోపు ధర ఉన్న కారుకి ధరలో 30 శాతం, గరిష్ఠంగా 4,000. అన్నిటికన్నా గొప్ప మార్పు 2024 జనవరి 1న అమల్లోకొచ్చింది. క్రెడిట్‌ని డీలర్ పేరు మీదకి మార్చేస్తే, ఆ మొత్తం అక్కడే ధరలోంచి తగ్గిస్తారు. మన టాక్స్ అంతకన్నా తక్కువైనా, ఆదాయం పరిమితి దాటనంత వరకూ ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) వెనక్కి అడగదు. ఈ ఒక్క రూలుతో మా చెల్లిలాంటి వాళ్ళు మొదటిసారి లెక్కలోకొచ్చారు.

లోపాలు లేవనను. లీజుకి తీసుకుంటే ఆదాయం పరిమితీ లేదు, ధర పరిమితీ లేదు, ఖరీదైన కార్లన్నీ ఆ దారిన బయటపడ్డాయి. ఇక డీలర్ల సంగతి. మేం మొదట వెళ్ళిన చోట, "మేం ఐఆర్ఎస్ పోర్టల్‌లో రిజిస్టర్ అవ్వలేదు, మీరే వచ్చే ఏడాది క్లెయిమ్ చేసుకోండి" అన్నారు. అది తప్పు. 2024 నుంచి డీలర్ రిజిస్టర్ అయి, అమ్మకం వివరాలు ఐఆర్ఎస్‌కి పంపకపోతే కొన్నవాళ్ళకి క్రెడిట్టే ఉండదు. ఆ రాత్రి నేను ఐఆర్ఎస్ సైటులో రూలు చదివాను కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ మాట నమ్మి 3,600 పోగొట్టుకునేది. డబుల్ షిఫ్టులు చేసేవాళ్ళకి ఇవన్నీ చదివిపెట్టే అక్క ప్రతి ఇంట్లో ఉండదు.

సరిదిద్దాల్సింది అలాంటివాటిని. మొత్తం తీసి పారేశారు. 2032 చివరిదాకా ఉండాల్సిన క్రెడిట్లను 2025 జులై 4న సంతకమైన చట్టం సెప్టెంబర్ 30తో ఆపేసింది. కొత్తకీ పాతకీ ఒకే వేటు. బదులుగా ఇచ్చిందేమిటంటే కారు లోను వడ్డీ మీద డిడక్షన్, ఏడాదికి 10,000 దాకా. అది అమెరికాలో బిగించిన కొత్త కార్లకే, పెట్రోలు కార్లకి కూడా. 12 శాతం శ్లాబులో ఉన్న మనిషి వెయ్యి డాలర్ల వడ్డీ కడితే మిగిలేది 120. పాత కారు లోనుకి వడ్డీ రేటు మామూలుగా ఇంకా ఎక్కువ ఉంటుంది, దానికి మాత్రం సున్నా.

"బ్యాటరీల ధరలు ఎలాగూ తగ్గుతున్నాయి, సర్కారు డబ్బెందుకు?" అంటారు. తగ్గుతున్నాయి, ఒప్పుకుంటాను. ఆ తగ్గుదల ముందు చేరేది కొత్త కారు కొనేవాళ్ళకి. పాత కార్లు అమ్మేచోటికి చేరేసరికి ఏళ్ళు పడుతుంది. ఈలోగా తక్కువ జీతాలవాళ్ళే ఎక్కువ పెట్రోలు తాగే పాత కార్లు నడుపుతూ ఉండాలా? రోడ్ల కోసం పెట్రోలు మీద కట్టే గ్యాస్ టాక్స్ ఎలక్ట్రిక్ కార్లున్న మేం కట్టట్లేదన్న మాట న్యాయమే. చాలా రాష్ట్రాలు దానికి ఎలక్ట్రిక్ కార్ల మీద ఏటా విడిగా ఫీజు వేస్తున్నాయి, నేను కడుతున్నాను, కట్టాలి కూడా. కాకపోతే గాలనుకి 18.4 సెంట్ల ఫెడరల్ గ్యాస్ టాక్స్‌ని 1993 నుంచి పెంచకుండా రోడ్లకి డబ్బు చాలకపోవడానికి ఎలక్ట్రిక్ కార్లే కారణమనడం సరికాదు.

నాలాంటి వాళ్ళకి కొత్త కారు మీద 7,500 మళ్ళీ ఇవ్వమని నేనడగను. పాత కారు క్రెడిట్ తెచ్చిపెట్టండి చాలు. ఆదాయం బట్టి ఇవ్వండి, టాక్స్ ఎంత పడిందన్నది చూడకండి, డీలర్ బల్ల దగ్గరే తగ్గించండి. అమ్మేవాళ్ళందరూ రిజిస్టర్ అవ్వాల్సిందేనని రూలు పెట్టండి.

చెల్లితో పాటు అదే షిఫ్టులో, అదే జీతానికి పనిచేసే ఆవిడ కారు 2025 అక్టోబరులో ఆగిపోయింది. చెల్లి కారు చూసి అలాంటిదే వెతికింది, దాదాపు అదే ధరకి దొరికింది కూడా. డీలర్ ఇచ్చిన కాగితంలో ఆఖరి లైను లేదు. ఆవిడ పదమూడేళ్ళ పెట్రోలు కారు కొనుక్కుని వెళ్ళింది.